డెల్టా దమ్ములో ట్రాక్టరు: రెండు చక్రములా, నాలుగా?

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతములందు నేడు ట్రాక్టరు కొనదలచిన రైతునకు కలుగు మొదటి సందేహము బండి పేరును గూర్చినది కాదు, రంగును గూర్చినదియు కాదు. వెనుకనున్న రెండు పెద్దచక్రములను మాత్రమే యంత్రము త్రిప్పిన చాలునా, ముందున్న చిన్నచక్రములను గూడ త్రిప్పవలయునా యనునదే ఆ సందేహము. ఈ రెండవ తరగతి బండిని మన పల్లెలలో ‘ఫోర్‌వీల్ డ్రైవు’ అని ఇంగ్లీషు పేరుతోనే పిలుచుచున్నారు. ఒకే బలముగల యంత్రములలో ఈ రెండు తరగతులకును ధరలో భేదము సుమారు లక్షరూపాయలు; ఒక్కొక్క తరహాలో అంతకుమించియు నుండును. ఈ లక్ష సాధారణముగా రైతు పెట్టెలోనుండి వచ్చునది కాదు. బ్యాంకు అప్పులో నొక భాగము. దానికి వడ్డీ నడచును. వాయిదా తప్పినచో నోటీసు వచ్చును. కొన్ని యిండ్లలో దానికి హామీగా నున్నది తాతలనాటి పొలము. కావున నిది గొప్పకొఱకు తేల్చుకొనవలసిన విషయము కాదు. నేల ఎట్టిది, నీరు ఎప్పుడు వచ్చును, ఏ పైరు వెనుక ఏ పైరు వేయుదుము అను మూడు సంగతులనుబట్టి తేలవలసినది. ఈ మూడింటికిని ఒక చరిత్ర కలదు. దానిని కొంత చెప్పిన పిమ్మట ప్రశ్నకు మరల వత్తము.

మన మాగాణి అనాదిగా నున్నదని అనుకొందుముగాని, దానిలో చాలభాగము వయస్సు నూటడెబ్బది యేండ్లకు మించదు. 1832-33 సంవత్సరములలో వచ్చిన నందన కఱవు, పెద్దలు డొక్కల కఱవనునది, గుంటూరు సీమను ఎంతగా పాడుచేసెనో వినని వారుండరు. అప్పుడును కృష్ణ కన్నులయెదుట ప్రవహించుచునే యున్నది. నీరు పొలమున కెక్కు దారి మాత్రము లేదు. సర్ ఆర్థర్ కాటను సలహాపై, కెప్టెన్ ఓర్ పర్యవేక్షణమున, బెజవాడయొద్ద 1852లో ఆనకట్టపని ఆరంభమై 1855లో ముగిసెను. 1952 వరదలలో ఆ ఆనకట్టకు గండిపడగా, దాని స్థానమున 1954 మొదలు 1957 వఱకు ప్రకాశము బ్యారేజి నిర్మింపబడినది. పడమటి గట్టున బయలుదేరిన కాలువలలో మూడు తెనాలి పట్టణము నడుమనుండియే పోవుచున్నవి. వానినీరే రేపల్లె, నిజాంపట్నము దిక్కులకు సాగినది. కొమ్మమూరు కాలువ బాపట్ల వైపున నడచి, దక్షిణమున బకింగుహాము కాలువతో కలిసినది.

కాలువ వచ్చుటతో మెట్ట మాగాణి యయ్యెను. జొన్నయు పప్పుధాన్యములును పండిన నల్లమట్టిలో నీరు నిలిపి వరి నాటిరి. నీరు పెట్టుటతో పంట మాత్రమే మారలేదు, నేలయే మారెను. ఏటేట దమ్ముచేయగా చేయగా పై జానెడు మన్ను వెన్నవలె మెత్తబడెను. దానిక్రింద, పశువుల గిట్టలును నాగలి మడమయు అదిమి అదిమి, ఒక గట్టిపొర యేర్పడెను. మడిలోని నీరు త్వరగా ఇంకిపోకుండ ఆపునది ఆ పొరయే. నేటి ట్రాక్టరు నిలుచునదియు దానిమీదనే. ఈ మాటను కొంచెము జ్ఞప్తియందుంచుకొనుడు. సమాధానములో సగము దీనిలోనే యున్నది.

ఆ మడిలో దిగిన మొదటి లాగుడుయంత్రము ఎద్దు, దానికంటె మిన్నగా దున్నపోతు. మనము దాని పనితనమును నిత్యము చూచుటచేత మెచ్చుకొనుట మరచితిమి. ఒంగోలు జత బరువు తొమ్మిదివందల కిలోలనుకొన్నచో, అది దినమంతయు అలయక లాగగల శక్తి అందులో ఇంచుమించు పదియవ వంతు. అది స్వల్పమే. కాని ఆ పశువు నాలుగు కాళ్లతోను లాగును. ఏ కాలును మోతబరువుగా వెంట ఈడ్వదు. చీలిన గిట్ట త్రొక్కినప్పుడు విచ్చుకొనును, ఎత్తినప్పుడు ముడుచుకొనును. అందుచే బురద దానిని పట్టియుంచజాలదు. ఒక కాలు దిగబడినను తక్కిన మూడింటి ఆధారమున దానిని పైకి తీసికొనును. యంత్రశాస్త్రజ్ఞుల భాషలో చెప్పవలెనన్న, మన తాతలు వాడినది నాలుగుకాళ్ల చోదకము. రెండు కాళ్లు లాగి రెండు కాళ్లు ఈడ్చుకొనిపోవు జంతువును మడిలోనికి తోలుమన్నచో వారు నవ్వియుందురు.

అట్టి జంతువును తయారుచేసినది పొడినేలల దేశము. 1892లో అమెరికాయందలి అయోవా రాష్ట్రమున జాన్ ఫ్రోలిక్ అనునతడు పెట్రోలు యంత్రముతో ముందుకును వెనుకకును నడచు బండిని నిర్మించెను. 1917లో హెన్రీ ఫోర్డు ‘ఫోర్డుసన్’ అను చౌకట్రాక్టరును వేలకొలదిగా తయారుచేయ నారంభించెను. ఇనుపచక్రముల బండి అది. దానికొక దుర్గుణ ముండెను. నాగలి వేరునకో రాతికో తగిలి ఆగినచో, వెనుకచక్రము లాగక, ముందుభాగము గుఱ్ఱమువలె పైకి లేచి, బండి వెల్లకిలపడి నడపువానిని చంపెడిది. 1930లో కెనడాదేశపు మాసీ-హారిస్ కంపెనీవారు నాలుగు చక్రములును సమానముగానుండి నాలుగును త్రిరుగు ట్రాక్టరును అమ్మకమునకు తెచ్చిరి. నేటి మన ప్రశ్నకు వారు తొంబదియేండ్లకు పూర్వమే ఒక జవాబు చెప్పిరన్నమాట. కాని అది అంతగా అమ్ముడుపోలేదు. 1932 ప్రాంతమున రబ్బరుటైరు వచ్చినది. ఆ వెనుకనే, ఆ జవాబును అనవసరముచేసిన మఱొక యుపాయమును ఉత్తర ఐర్లండువాడైన హ్యారీ ఫెర్గూసన్ కనిపెట్టెను.

ఫెర్గూసన్ ఉపాయము మన ట్రాక్టరువెనుక నేటికిని వ్రేలాడుచునే యున్నది. నాగలిని గొలుసుతో వెనుక కట్టి ఈడ్చుట మాని, మూడు చేతులతో బండికి బిగించి, నూనెయొత్తిడితో పైకిని క్రిందికిని ఆడించునట్లు చేసెను. నాగలి లోతునకు దిగి బరువుగా లాగినకొలదియు, ఆ లాగుడే వెనుకచక్రములను నేలకు అదిమిపట్టును. బరువు తక్కువ బండి, పట్టు ఎక్కువ. 1939లో ఫోర్డుతో కలిసి ఇట్టి ట్రాక్టరును వెలువరించెను. 1946లో ఇంగ్లండునందు ‘టీ.ఈ.20’ అను చిన్న ట్రాక్టరు వచ్చెను. పొడిదుక్కిలో రెండుచక్రముల నడక చాలునని లోకమును ఒప్పించినది ఈ యంత్రమే. 1953లో మాసీ-హారిస్ కంపెనీయు ఫెర్గూసన్ కంపెనీయు ఏకమైనవి. నాలుగుచక్రముల జవాబు చెప్పినవారును, అది అక్కఱలేదన్నవాడును ఒకే కప్పుక్రిందికి వచ్చిరి! ఆ కంపెనీ సహకారముతో 1960లో మదరాసున ‘టాఫే’ సంస్థ స్థాపితమయ్యెను. తెలుగు పల్లెలలో ‘మాసీ’ అని పిలువబడు బండి అట్లు వచ్చినదే.

మనదేశమున దీనికిముందే ట్రాక్టరు ఎఱుగనిది కాదు. 1947లో కేంద్ర ట్రాక్టరు సంస్థ ఏర్పడి, యుద్ధానంతరము అమెరికా సైన్యము వదలిన యంత్రములతో మధ్యభారతమున రెల్లు ఆక్రమించిన బీళ్లను దున్నించెను. 1959లో ఐషర్ కంపెనీ దేశములోనే తయారీ ఆరంభించెను. తరువాత టాఫే, ఎస్కార్ట్స్, మహీంద్రా మొదలగువారు వచ్చిరి. 1969లో బ్యాంకులు జాతీయమగుటతో రైతునకు అప్పు దొరకు దారి వెడల్పయ్యెను. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన కృష్ణాముఖమునగల దివిసీమలోను, రేపల్లె తీరమునను మనుష్యులతోపాటు దుక్కిటెడ్లను గూడ తుడిచిపెట్టెను. ఎద్దు పోయినచోట మరల ఎద్దునే కొనుటయా, యంత్రమునకు ఎదురుచూచుటయా యను ప్రశ్న ఆ గ్రామములలో పుస్తకప్రశ్నగా గాక బ్రతుకుప్రశ్నగా వచ్చినది.

అయినను వచ్చిన ప్రతి బండియు పొడినేలకొఱకు పుట్టినదే. మన మడిలో దిగగానే దాని గుణము మారిపోవును. ఎట్లో లెక్కతో చూతము. అంకెలు ఉదాహరణకు మాత్రమే. రెండువేల కిలోల ట్రాక్టరు కలదనుకొందము. దాని బరువులో పదమూడువందల కిలోలు వెనుకచక్రములపై నుండును, ఏడువందలు ముందుచక్రములపై. బురదలో చక్రము తనపైనున్న బరువులో పదింట మూడువంతులు మాత్రమే పట్టుగా మార్చగలదనుకొన్నచో, వెనుకచక్రముల లాగుడు మూడువందల తొంబది కిలోలు. ముందున్న ఏడువందల కిలోలు లాగుటకు ఉపయోగపడకపోగా, చిన్నచక్రములు బురదను త్రోసికొనుచు పోవుటకు ఎదురు మోతయగును. ఆ మోతకు నూరు తీసివేసినచో మిగులునది రెండువందల తొంబది. అదే బండికి ముందు ఇరుసునకుగూడ పండ్లచక్రములు అమర్చిన, బరువు మఱి రెండువందలు పెరిగి రెండువేల రెండువందలగును. ఆ బరువంతయు పట్టునకు వచ్చును. లాగుడు ఆరువందల అరువది. ఇందులోనుండియు కొంత బురద మ్రింగునుగాని, భేదము మాత్రము స్పష్టము.

ఈ లెక్కను చూచి తొందరపడరాదు. దమ్ములో మనము బరువైన నాగలిని లాగుచున్నామా? లేదు. దమ్ముచక్రములు కట్టి త్రొక్కింతుము, లేదా రోటావేటరు వేయుదుము. రోటావేటరు కత్తులు చక్రము తిరుగు దిక్కుననే తిరుగుటచేత అది బండిని వెనుకకు లాగక ముందుకు నెట్టును. కావున మడిలో లాగుడుశక్తి చాలకపోవుట అంత పెద్ద బాధ కాదు. అసలు బాధ ముందుచక్రములది. అవి దిగబడును, స్టీరింగు త్రిప్పినను తిరుగక అడ్డముగా జారును, గట్టుదగ్గర మలుపు తిరుగవలెనన్న డ్రైవరు ఒకప్రక్క బ్రేకు త్రొక్కి బండిని గిరగిర త్రిప్పవలసివచ్చును. మలుపు మలుపునకు అక్కడ గుంట పడును. ముందుచక్రమునకు బలము వచ్చినచో అది బురదను త్రోయుటకు మారుగా దానిమీదికి ఎక్కును, తిప్పినవైపునకు లాగికొనిపోవును. డెల్టాలో నాలుగుచక్రముల బండివలన నిజముగా కలుగు లాభ మిది. కంపెనీల కాగితములలో అచ్చువేయు లాగుడు అంకెలు మన మడికంటె ఇసుకకును, ఎగుడు నేలకును ఎక్కువగా వర్తించును.

ఈ బాధకు మనవారు మొదట కనిపెట్టిన మందు దమ్ముచక్రము. ఇనుపపట్టీలకు కోణపుకడ్డీలు అతికి, టైరుప్రక్కనో, టైరునకు మారుగానో బిగించు ఈ పంజరమును తెనాలిలోను, రేపల్లెలోను వెల్డింగు పనివారే చేసి యిచ్చుచున్నారు. పట్టువిషయమున అది ముందు ఇరుసు చేయలేని పనిని స్వల్పధనముతో చేయును. దాని దోషము దారిమీద తెలియును. పొలమునుండి పొలమునకు తారురోడ్డుమీద పోయినచో రోడ్డు చాళ్లుపడును. అధికారులు దీనిని పలుమాఱులు నిషేధించినను పంచాయతీరోడ్లమీది గాట్లు ఏమి చెప్పుచున్నవో మీ యూరిలో మీరే చూచెదరు.

జపానుదేశపు కథ వేఱు. 1953లో మనదేశమంతట ‘జపాను పద్ధతి వరిసాగు’ అని ప్రచారము జరిగినది. వరుసనాటు, ఎరువు మనకు అలవడినవి. కాని పద్ధతిని జపానునుండి తెచ్చుకొని, బండిని ఇంగ్లండునుండి తెచ్చుకొంటిమి. జపానువారు వరిమడికొఱకు తేలికయైన చిన్న ట్రాక్టర్లను ప్రత్యేకముగా తయారుచేసికొని, వానిలో నాలుగుచక్రముల నడకను సాధారణవిషయముగా చేసికొనిరి. ఆ తరహాలో ప్రసిద్ధమైన కుబోటా కంపెనీ భారతదేశమున 2008లో మదరాసుననే అడుగుపెట్టినది. దానిపిమ్మట స్వదేశపు కంపెనీలును మాగాణికొఱకని నాలుగుచక్రముల బండ్లను విరివిగా తెచ్చినవి. ఈ సంగతిలో గమనింపవలసినది చక్రముల సంఖ్యకంటె బరువు. జపాను బండి బురదలో తేలికగా నడచుటకు సగము కారణము దాని ముందు ఇరుసు, తక్కిన సగము అది బరువుగా లేకపోవుట. మూడువేల కిలోల పెద్దబండికి నాలుగుచక్రముల బలమిచ్చినంతమాత్రమున అది తేలిక కాదు.

నీటిమాట. ఆనకట్ట కట్టిన తరువాత నూరేండ్లపాటు జూన్ మాసమున కాలువ పాఱును, రైతు తీరికగా దమ్ముచేసికొనును అను నిశ్చింత చాలవఱకు సాగెను. ఎగువ జలాశయములు నిండినగాని క్రిందికి నీరు రాని స్థితి తరువాత వచ్చినది. 2015 నుండి పట్టిసీమ ఎత్తిపోతలద్వారా గోదావరిజలము కృష్ణాడెల్టాకు చేరుచు కొంత ఊరట కలిగించినను, నీరు వచ్చిన వెంటనే పదునైదు ఇరువది దినములలో ఊరంతయు ఒక్కసారిగా దమ్ము కోరుచున్నది. సుమారు పదమూడులక్షల యెకరముల ఆయకట్టులో ఎల్లరికిని ఒకే తొందర. ఎద్దులనాడు రెండు నెలలు పట్టిన పని నేడు పక్షములో ముగియవలెను. దిగబడిన బండిని బయటకు లాగుటకు మఱొక బండికొఱకు సగము దినము ఎదురుచూచుట ఆ పక్షములో నష్టము. కిరాయికి తోలువారు నాలుగుచక్రములవైపు మొగ్గుటకు ముఖ్యకారణము ఇదియే యని నా యభిప్రాయము. వారి లెక్క సరియైనదే. దానిని చూచి సొంతమునకు ఎనిమిది యెకరములు దున్నుకొనువాడు అదే లెక్క వేసికొనుట సరికాదు.

ఇక మూడు ప్రాంతముల నేలను చూతము. 2022 ఏప్రిలులో జిల్లాలు విడిపోయి రేపల్లె బాపట్ల జిల్లాలో చేరినది, తెనాలి గుంటూరుజిల్లాలో నిలిచినది. నేలకు ఈ సరిహద్దుతో సంబంధము లేదు. తెనాలి చుట్టుప్రక్కల బరువైన నల్లమట్టి. ఎన్నో యేండ్ల దమ్ముచే గట్టిపొర బాగుగా కుదిరిన మడులు అనేకము. అట్టి మడిలో అడుగుపెట్టిన మనిషికాలు పిక్కలోతున గట్టిని తాకును. అక్కడ రెండుచక్రముల బండి దమ్ముచక్రములతో నిర్విచారముగా పనిచేయును. వందలాది బండ్లు అట్లే పనిచేసినవి. రేపల్లె దిగువన, మురుగుకాలువలు పూడి నీరు నిలుచు పల్లపుభూములలోను, సముద్రముచేరువ చవుడుకలిసిన మట్టిలోను, పొర లోతుగానో, అక్కడక్కడ తెగియో యుండును. నాలుగుచక్రముల బండికి నిజమైన యక్కఱ అట్టి చోటులనే. బాపట్లలో రెండు నేలలు కలవు. సూర్యలంక వైపు ఇసుకభూములు, వేరుశనగ, తోటలు. పడమటి లోపల నల్లమడ, రొంపేరు మురుగుకాలువల ప్రాంతపు మాగాణి. ఇసుకలో బరువు ట్రక్కును లాగవలసినప్పుడు ముందుచక్రముల సాయము చక్కగా కనబడును. ఇసుకలో రోటావేటరు మాత్రమే వేసికొనువానికి అది దండుగ.

పరీక్ష సులభము. నీరుపెట్టి నానిన మడిలో పదిచోట్ల నడచి చూడవలెను, లేదా గుఱుతుపెట్టిన కర్రను గ్రుచ్చి చూడవలెను. గట్టి పిక్కలోతున తగిలిన రెండుచక్రములు చాలును. పిక్కకు మోకాలికి నడుమ నున్నచో నాలుగుచక్రములవలన లాభము కలదు. మోకాలు దాటినచో ఏ ట్రాక్టరును దింపరాదు. ఏలయన బండి కడుపు బురదకు ఆనిన పిమ్మట నాలుగుచక్రములును బావిలో గిలకలవలె తిరుగునుగాని కదలవు. అట్టి మడికి కావలసినది మురుగుపోవు దారి, దానికి పెట్టుబడి. లక్షరూపాయలు ముందు ఇరుసుమీద పెట్టుటకంటె ఊరివారందఱును కలిసి మురుగుకాలువ పూడిక తీయించుకొనుట అట్టిచోట మేలు. 1960 దశకమున డెల్టా మురుగును గూర్చి మిత్రా కమిటీ పరిశీలించినదియు ఈ బాధనే.

కొనుటకు ముందు చేయదగిన చిన్నపనులు మఱికొన్ని కలవు. టైర్లలో నీరు పట్టించుట, ముందు బరువులు కట్టుట లేక విప్పుట, డిఫరెన్షియల్ లాకు వాడుట. ఈ మూడవది ప్రతిబండిలోను ఉండును; వాడు డ్రైవరులు తక్కువ. ఒక చక్రము ఊరక తిరిగి రెండవది నిలిచిపోయినప్పుడు, కాలిక్రింది మీటను త్రొక్కినచో రెండును ఒక్కటిగా తిరుగును. మెట్టదుక్కిలో జారుడెంతయో తెలిసికొనుటకు టైరుమీద సుద్దతో గీత గీసి, గట్టినేలమీద పది చుట్లకు బండి ఎంతదూరము పోవునో త్రాటితో కొలిచి, దున్నునప్పుడు మరల కొలువవలెను. నూటికి పదునైదుకు మించి తగ్గినచో డీజిలు మట్టిపాలగుచున్నదని అర్థము. ఈ చిన్నపనులతో తగ్గని జారుడు మాత్రమే నాలుగుచక్రములను కోరుచున్నది.

ఇప్పుడు పైరులమాట, నాకు అన్నిటికంటె ముఖ్యముగా తోచునది ఇదియే. 1945లో బాపట్లయందు వ్యవసాయ కళాశాల వెలసెను. అచ్చటి పరిశోధనలోనుండి 1986లో వెలువడిన బి.పి.టి. 5204, మనవారి సాంబమసూరి, డెల్టా బియ్యమునకు దేశమంతట పేరు తెచ్చినది. దాని కాలము అయిదుమాసములకు చేరువ, గడ్డి మెత్తన, కార్తికము దాటి తుపాను వచ్చినచో పడిపోవును. అప్పుడు తడిమడిలోనే కోత, తడిమడిలోనే ధాన్యము ట్రక్కు. ఆ సమయమున నాలుగుచక్రముల బండి దిగబడక బయటపడును, నిజమే. కాని ఆ మడికథ కోతతో ముగియదు. పశ్చిమడెల్టా రైతు కోతకు రెండుమూడు దినములముందు వరిలోనే మినుమో పెసరో చల్లి, మిగిలిన తేమతో దున్నకయే రెండవ పంట తీయును. ఈ మాగాణి మినుము నేలలోని తేమపై తప్ప మఱి దేనిపైనను ఆధారపడదు. చైను మిషను తిరిగి, దానివెనుక ట్రక్కు తిరిగి, జానెడులోతు గాడులు పడినచోట విత్తు చితికిపోవును, గాడిలో నీరు నిలిచి మొలక కుళ్లును, గాడిప్రక్కన మట్టి గట్టిపడి వేరు దిగదు. పల్లాకు తెగులు మినుమును వేధించిన పిమ్మట, 2000 తరువాతి యేండ్లలో అనేకులు దున్నని మడిలోనే మొక్కజొన్న, జొన్న వేయ నేర్చిరి. దానికిని గాడులు శత్రువులే.

రెండుచక్రముల బండికి ఈ విషయమున ఒక వింతగుణము కలదు. అది పోలేని మడిలోనికి పోదు. నాలుగుచక్రముల బండి పోగలదు, పోవును, గాడిపెట్టి వచ్చును. మడి కొంచెము ఆరువఱకు రెండు దినములు ఆగుటయా, ఇపుడే లాగివేయుటయా యను విచక్షణ డ్రైవరుది కాదు, యజమానిది. కిరాయిబండి వానికి ఎకరములు లెక్క. మినుము మొలక వాని లెక్కలో లేదు.

ఇంకొక మార్పుగూడ చెప్పవలెను. నీరు ఆలస్యమగుటచేతను, నాటుకూలి పెరుగుటచేతను, గుంటూరు, బాపట్ల ప్రాంతములలో నారుపోసి నాటుట మాని, పొడిదుక్కిలో వడ్లు నేరుగా వెదపెట్టువారు అనేకులైరి. తొలకరికి గొఱ్ఱుతో విత్తి, కాలువ వచ్చిన పిమ్మట నీరు పెట్టుదురు. వీరికి దమ్మే లేదు! నూటడెబ్బదియేండ్ల క్రిందటి మెట్టసేద్యము మరల మాగాణిలోనికి వచ్చినట్లున్నది. కలుపు పెరుగునను ఇబ్బంది దానికి కలదుగాని, ట్రాక్టరువిషయమున ఫలితము స్పష్టము: పొడిదుక్కిలో ఫెర్గూసన్ ఉపాయము చక్కగా పనిచేయును, రెండుచక్రములు చాలును. ఈ పద్ధతిలో నిలువదలచినవాడు దమ్ముకొఱకు లక్ష అదనముగా పెట్టుట వివాహములేని యింట పందిరి వేయించుట.

పశ్చిమడెల్టాలో దున్నువారు అనేకులు కౌలుదారులు. వారికి కౌలు గింజలు ముందు, కిరాయి తరువాత, తమ కూలి చివర. ఇట్టివారు నలుగురైదుగురు కలిసి యొక బండి కొనుట నేను విన్నాను. ఎంతకాలము కలిసియుందురను ప్రశ్నయు వెంట వచ్చును. ఒక్కడే కొనునప్పుడు వేయదగిన లెక్క యిది: ఏడాదిలో ముందుచక్రములు బలముతో తిరుగవలసిన దినములెన్ని? సొంత పొలములో పది పదునైదు దినములైనచో, ఆ దినములకు నాలుగుచక్రముల బండిని కిరాయికి పిలిచి, తక్కిన పనికి రెండుచక్రముల బండి నుంచుకొనుట చవుక. నలువది, ఏబది దినములు ఊరూరు తిరిగి దమ్ముచేయువానికి అదనపుధర రెండుమూడేండ్లలో పనిరూపమున తిరిగివచ్చుట అసంభవము కాదు.

అపాయములను చెప్పకుండుట తప్పు. దిగబడిన రెండుచక్రముల బండికి వెనుకచక్రములకు దుంగ కట్టి బయటకు తీయ ప్రయత్నించుట మన ప్రాంతమున అలవాటు. చక్రము దుంగను మ్రింగక ఆగినచో ఫోర్డుసన్‌నాటి దుర్గుణమే మరల వచ్చును: ముందుభాగము లేచి డ్రైవరుమీద పడును. ఇట్లు ప్రాణములు పోయినవి. నాలుగుచక్రముల బండిలో ఈ భయము తక్కువ, లేకపోలేదు. దిగబడినచో వెనుకకు నడిపి చూచుట, లేనిచో మఱొక బండితో లాగించుట, దుంగ కట్టరాదు.

నాలుగుచక్రముల బండికి దాని రోగములు దానికి కలవు. ముందుచక్రములు వెనుకవానికంటె నూటికి రెండుమూడుపాళ్లు ఎక్కువ వేగముగా తిరుగునట్లు పండ్లు కుదిర్చియుందురు. బురదలో అది మేలు. తారురోడ్డుమీద మీట వేసియే నడిపినచో టైరు అరిగి, ఇరుసులో పండ్లు ఒకదానినొకటి నలుపుకొనును. కావున మడి గట్టెక్కగానే మీట తీయవలెను. ముందు ఇరుసు చివర సీలులు బురదలో అరిగి, నీరు నూనెలో కలిసినచో పని పెద్దది. దమ్ము ముగిసినవెంటనే నూనెను ఒకసారి చూపించవలెను. పాలవలె తెల్లబడినచో నీరు చేరినదని తెలిసికొనవలెను. ముందు రెండు టైర్లును ఒకేసారి, కంపెనీ చెప్పిన కొలతవే మార్చవలెను. వేఱు కొలత వేసినచో పైచెప్పిన లెక్క తప్పి ఇరుసు పాడగును.

ట్రాక్టర్లు మన ప్రాంతమున ఉగాదికి అటునిటుగా, ధాన్యము, మినుము డబ్బు చేతికి వచ్చినప్పుడు, ఎక్కువగా అమ్ముడగును. అప్పుడు పొలము ఎండి బీటలువాఱియుండును. ఆ నేలమీద ఏ బండియైనను బాగుగనే పోవును. దుకాణమువాడు చూపించు పరీక్షయు అప్పుడే. కొనువాడు ఒక్క సంవత్సరము ఆగగలిగినచో, జూలై ఆగస్టు మాసములలో, రెండు తరగతుల కిరాయిబండ్లను తన మడిలోనే, తనకున్న అన్నిటికంటె పల్లపు మడిలో, ఒక్కొక్క పూట దింపించవలెను. మలుపుదగ్గర ముందుచక్రము ఏమిచేయుచున్నదో గట్టుమీద నిలిచి చూడవలెను. డీజిలు కొలువవలెను. రెండు పూటల కిరాయి ఆ లక్షలో నెన్నవ వంతో వేఱుగ చెప్పనక్కఱలేదు.